వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళ జీవన నాణ్యత స్కోరు: ఫైల్లో పెట్టాక ఏం చేస్తున్నారు?

రాత్రిడ్యూటీ
బరువు తగ్గించే ఆపరేషన్‌కి పేరు రాయించుకున్న ప్రతి ఒక్కరి చేతా జీవన నాణ్యత కొలిచే ఎస్‌ఎఫ్-36 ఫారం నింపిస్తారు. స్కోరు కట్టి ఫైల్లో దోపేస్తారు. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ నింపించి "ఎంత పెరిగిందో చూడండి" అని గ్రాఫు గీస్తారు. మధ్యలో నెలలు, కొన్నిచోట్ల ఏళ్ళు గడుస్తాయి. శారీరక స్కోరు 30 దగ్గర కొట్టుకుంటున్న మనిషికి ఆ మధ్యకాలంలో దొరికే సలహా ఒక్కటే: "కాస్త బరువు తగ్గి రండి." తగ్గలేకే కదా వచ్చింది!
స్కోరు తక్కువ వచ్చినప్పుడు దేన్ని పట్టుకోవాలి? అసలు ఈ ఫారం సరైనదేనా? తలా ఒక చెయ్యి వెయ్యండి.

అడ్డప్రశ్న
ఆపరేషన్ అయితే మోకాళ్ళు, నిద్ర, షుగరు అన్నీ సర్దుకునేవే. ఇప్పుడు ఒక్కొక్కటీ విడిగా వైద్యం చెయ్యడం దేనికి? ఆ శ్రమేదో వరుస తగ్గించడం మీద పెట్టొచ్చుగా.

కొలతబద్ద
ముందు ఫారం సంగతి. ఎస్‌ఎఫ్-36 అన్ని జబ్బులకీ వాడే ఉమ్మడి కొలత. 36 ప్రశ్నలు, వాటిలో ఎక్కువ గత నాలుగు వారాల గురించి, ఎనిమిది విభాగాలు. చివర్లో శారీరక, మానసిక మొత్తాలు రెండొస్తాయి. సాధారణ జనాభా సగటు 50 వచ్చేలా, ప్రామాణిక విచలనం 10 ఉండేలా లెక్క కడతారు. అంటే 30 వచ్చిన మనిషి సగటుకి రెండు మెట్లు కింద ఉన్నట్టు. ఎందుకు ఉన్నాడో మాత్రం ఆ మొత్తం చెప్పదు. ఎనిమిది విభాగాలూ విడిగా చూడండి. నొప్పి విభాగం అడుగంటిందా, ఓపిక విభాగం అడుగంటిందా అన్నదాన్ని బట్టి వెళ్ళాల్సిన దారి మారుతుంది.
బరువు కోసమే తయారైంది ఐడబ్ల్యూక్యూఓఎల్-లైట్. 31 ప్రశ్నలు: శారీరక పనులు 11, ఆత్మగౌరవం 7, లైంగిక జీవితం 4, నలుగురిలో పడే ఇబ్బంది 5, ఉద్యోగం 4. స్కోరు 0 నుంచి 100, ఎక్కువైతే మంచిది. మొదటి స్కోరును బట్టి సుమారు 8 నుంచి 12 పాయింట్లు మారితేనే నిజంగా ఏదో జరిగినట్టు. రెండు మూడు పాయింట్లకి సంబరాలొద్దు, కంగారూ వద్దు.
ఇంకో మాట. బీఎంఐ (ఎత్తుతో పోల్చి కట్టే బరువు లెక్క) పెరిగేకొద్దీ శారీరక స్కోరు సగటున పడుతుంది, మానసిక స్కోరు మాత్రం అంత నమ్మకంగా వెంట రాదు. ఒకే బీఎంఐ ఉన్నా ఆడవాళ్ళ స్కోరు మగవాళ్ళకంటే తక్కువ వస్తుంది, వైద్యం కోసం వచ్చినవాళ్ళది రానివాళ్ళకంటే తక్కువ వస్తుంది. కాబట్టి బరువు చూసి బాధ అంచనా కట్టేవాళ్ళు తప్పులో కాలేస్తున్నట్టే.

వరుసలోనంబరు
ఆ 31లో కుర్చీ గురించి ఉందా?

కొలతబద్ద
ఉంది. సీట్లో పడతానా, ఆ కుర్చీ నన్ను మోస్తుందా, సీట్ల మధ్య సందులోంచి వెళ్ళగలనా. నలుగురిలో ఇబ్బంది విభాగమంతా దాదాపు ఇదే.

వరుసలోనంబరు
ఆ ప్రశ్నలున్న కాగితం చేతికిచ్చి, రెండువైపులా చేతులున్న ఇరుకు ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెడతారు. జవాబు అక్కడికక్కడే చూసుకోవచ్చు.

రాత్రిడ్యూటీ
😀 ఒప్పుకుంటున్నా. చేతుల్లేని, బలమైన కుర్చీలు రెండు హాల్లో వేయించడానికి కమిటీ అక్కర్లేదు. పరీక్ష బల్ల, తూకం యంత్రం ఎంత బరువు మోస్తాయో ముందే చూసుకోవాలి. మనిషిని ఎక్కించాక యంత్రం చేతులెత్తేస్తే ఆ అవమానం మనం చేసిందే.
బీపీ పట్టీ కూడా. పైచెయ్యి చుట్టుకొలత 35 నుంచి 44 సెంటీమీటర్లయితే పెద్ద పట్టీ, 45 దాటితే తొడకి వాడే పట్టీ. మామూలు పట్టీ బిగిస్తే రీడింగు ఎక్కువ చూపిస్తుంది. లేని బీపీకి మాత్ర పెంచుతారు, మనిషి లేవగానే కళ్ళు తిరుగుతాయి. ఆ పైన ఫారంలో ఓపిక లేదని రాస్తాడు, మనమేమో బరువు వల్లే అనుకుంటాం.

గాఢనిద్ర
మత్తు డాక్టరు వైపు నుంచి అడ్డప్రశ్న గారికి జవాబు. ఆపరేషన్‌తో నిద్ర సర్దుకోవచ్చు, కానీ ఆపరేషన్ బల్ల దాకా చేరాల్సింది ఆ సర్దుకోని నిద్రతోనే. ఓపిక స్కోరు పడిపోయిన మనిషిని మొదట అడగాల్సింది గురక గురించి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుని అనుమానించడానికి వాడే స్టాప్-బ్యాంగ్‌లో ఎనిమిది ప్రశ్నలు: గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బీఎంఐ 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత, మగవాడా. అయిదు, ఆ పైన వస్తే ప్రమాదం ఎక్కువ. ఈ వరుసలో ఉన్నవాళ్ళకి బీఎంఐ పాయింటు దాదాపు ఉచితం, కాబట్టి మూడొచ్చినా తేలిగ్గా తీసుకోను. నిద్ర పరీక్షలో గంటకి ఊపిరి ఆగడాలు, తగ్గడాలు కలిపి 5 దాటితే జబ్బు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం.
చాలామంది వదిలేసేది రక్తంలో బైకార్బనేట్. 27 లేదా అంతకంటే ఎక్కువుంటే మనిషి పగలు కూడా చాలినంత ఊపిరి తీసుకోవట్లేదేమో అని అనుమానించాలి. అప్పుడు ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ చూడాలి, 45 దాటిందంటే ఆ అనుమానం నిజమైనట్టే. ఇలాంటివాళ్ళకి నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మందులు ఇష్టానికి రాసివ్వడం ప్రమాదం.

అడ్డప్రశ్న
సరే, సీప్యాప్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి ఊదే యంత్రం) ఇస్తారు. తీసుకెళ్ళి మూల పెట్టేవాళ్ళే ఎక్కువ. అప్పుడు స్కోరు ఎలా పెరుగుతుంది?

గాఢనిద్ర
మూల పెట్టడానికి కారణాలు పెద్దవేం కావు. మాస్కు సైజు తప్పు, గాలి కళ్ళలోకి కొట్టడం, ముక్కు ఎండిపోవడం, ఒక్కసారిగా పూర్తి ఒత్తిడితో మొదలవడం. మాస్కు పడుకున్న భంగిమలో, యంత్రం నడుస్తుండగా సరిచెయ్యాలి. కూచోబెట్టి బిగిస్తే పడుకోగానే ముఖం ఆకారం మారి గాలి కారుతుంది. పట్టీ ఇంకా బిగిస్తే కారడం పెరగొచ్చు, ముక్కు మీద పుండు పడుతుంది. గాలిని తేమచేసే వేడినీటి డబ్బా జోడించాలి. ఒత్తిడి మెల్లగా పెరిగే ర్యాంప్ ఆన్ చెయ్యాలి. మొదటి వారం పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోమనండి, అలవాటయ్యాక రాత్రికి మార్చండి. రాత్రికి కనీసం 4 గంటల చొప్పున వారంలో అయిదు రాత్రులు పెట్టుకుంటే వాడుతున్నట్టు లెక్క, కానీ పడుకున్నంతసేపూ పెట్టుకున్నవాడికే అసలు తేడా తెలుస్తుంది. యంత్రంలోని కార్డు తీసి గంటలు చూడండి. "వాడుతున్నానండీ" అన్న మాట నోట్లోంచి సులువుగా వస్తుంది.

మోకాలిచిప్ప
నొప్పి విభాగం నాది. నడకలో ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళ మీద జరిగిన కొలతల్లో తేలింది. కాబట్టి అయిదు కిలోలు తగ్గినా "అదేం లెక్క" అనకండి.
బరువు తగ్గకపోయినా చేయించగలిగింది: కుర్చీలోంచి లేచి కూచోవడం. తుంటి మోకాలికంటే పైన ఉండేంత ఎత్తు కుర్చీ తీసుకోండి. మామూలు ఎత్తు కుర్చీతో మొదలుపెడితే మొదటి రోజే మోకాలు పట్టేసి రెండోరోజు రారు. రోజుకి మూడు విడతలు, విడతకి 5 నుంచి 8 సార్లు, చేతుల ఆసరాతో. సులువయ్యాక ఆసరా తీసెయ్యండి, ఆ తర్వాతే ఎత్తు తగ్గించండి. నడక పది నిమిషాల ముక్కలుగా, మాట్లాడగలిగే వేగంలో. నొప్పి పదికి అయిదు దాటకుండా, మర్నాటి పొద్దుటికి మామూలుకి వచ్చేస్తే ఆ మోతాదు సరైనదే. మర్నాడు కూడా ఉంటే మూడోవంతు తగ్గించండి, మానెయ్యొద్దు. చేతికర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. దీన్ని నూటికి సగంమంది తిరగేసి పట్టుకుంటారు (ఇది లెక్కపెట్టిన అంకె కాదు, విసుగుతో అన్న మాట).

కొలతబద్ద
మోకాలిచిప్ప గారూ, అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూచున్నారో కూడా ఫారం మీద రాయించండి. ఏడాది ఎదురుచూసినవాళ్ళు మెట్లెక్కడం మానేస్తారు. మానేశాక "మెట్లెక్కడంలో ఇబ్బంది" అన్న ప్రశ్నకి "కొంచెమే" అని టిక్కు పెడతారు. పరిస్థితి దిగజారినా స్కోరు నిలకడగా కనబడుతుంది. మనిషి సర్దుకుపోవడాన్ని కాగితం పట్టుకోలేదు. అరనిమిషం లెక్కో, ఆరు నిమిషాల నడకో పక్కన ఉంటే దొరికిపోతుంది.

వరుసలోనంబరు
నొప్పిమాత్ర వేసుకుని నడిస్తే?

మాత్రలపెట్టె
ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రల మీద ఆధారపడొద్దు. గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్) అయ్యాక కుట్టుదగ్గర పుండు పడే ప్రమాదం వల్ల వాటిని దూరం పెట్టమంటారు. ఆపరేషన్ నాటికి వేరే ఏర్పాటు లేకపోతే అప్పుడు గోల. పైపూత జెల్, పారాసెటమాల్, వ్యాయామం కలిపి ఇప్పటినుంచే అలవాటు చెయ్యాలి. మోకాల్లో స్టీరాయిడ్ ఇంజెక్షన్ చేస్తే షుగరున్నవాళ్ళకి కొన్నాళ్ళు షుగరు ఎగబాకుతుంది, ముందే చెప్పాలి.
మందుల చీటీ మొత్తం ఒకసారి తిరగెయ్యండి. అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్, పారాక్సిటిన్, ప్రెగాబాలిన్, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి బరువు పెంచేవే. నొప్పికో నిద్రకో మొదలుపెట్టి ఎవరూ ఆపకుండా సాగుతుంటాయి. మార్పిడి వీలవుతుందేమో రాసిన డాక్టరుతో మాట్లాడాలి. సొంతంగా ఠక్కున ఆపితే మాత్రం కొత్త తంటా.

మాటసాయం
మానసిక స్కోరు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతా. దిగులు కొలిచే ఫారం పీహెచ్‌క్యూ-9 వాడితే 27కి 10, ఆ పైన వచ్చినవాళ్ళతో కూచుని మాట్లాడాలి. అందులో నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత ప్రశ్నలు నిద్ర జబ్బు వల్ల కూడా పెరుగుతాయి. కాబట్టి ఆనందం లేకపోవడం, దిగులు, తనమీద తనకే చులకన, ఈ మూడూ విడిగా చూడండి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక మరేది వచ్చినా అదేరోజు అడగాలి, మొత్తం ఎంతైనా సరే. ఆపరేషన్ తర్వాత కొందరిలో తమకి తాము హాని చేసుకోవడం పెరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో కనబడింది. "అయ్యాక అన్నీ సర్దుకుంటాయి" అన్నమాట ఇక్కడ చెల్లదు.
అసలు చిక్కేమిటంటే జనం నిజం రాయరు. దిగులుగా ఉందని రాస్తే ఆపరేషన్ ఇవ్వరేమో అన్న భయం. ఫారం నింపించేది, ఆపరేషన్‌కి పచ్చజెండా ఊపేది ఒక్కరే అయితే మంచి జవాబులే వస్తాయి.

రాత్రిడ్యూటీ
ఫారం పైన "ఈ జవాబుల వల్ల మీ వరుస మారదు" అని అచ్చు వేయిస్తే?

మాటసాయం
అది నిజమైతేనే వెయ్యండి. ఒక్కరికి మారినా హాల్లో అందరికీ తెలిసిపోతుంది.

అడ్డప్రశ్న
ఎందుకు మారకూడదు? ఎక్కువ బాధపడేవాడు ముందు వెళ్ళాలి కదా. స్కోరుతోనే వరుస పెట్టండి.

కొలతబద్ద
పెట్టిన మర్నాటినుంచి స్కోర్లన్నీ పాతాళానికి పోతాయి. వరుసకి ముడిపెట్టిన స్వయం నివేదిక కొలతగా పనికిరాదు. దానికి ఊబకాయం తీవ్రత తేల్చే ఎడ్మంటన్ స్థాయీ విధానం మేలు. 2009లో వచ్చింది, 0 నుంచి 4 దాకా స్థాయిలు. బీఎంఐ కాకుండా జబ్బులు, అవయవాల దెబ్బ, మానసిక స్థితి, పనులు చేసుకోగలగడం అన్నీ చూసి డాక్టరు నిర్ణయిస్తాడు. జీవన నాణ్యత అందులో ఒక పాలు.

అడ్డప్రశ్న
డాక్టరు నిర్ణయంలో పక్షపాతం రాదా? గట్టిగా మాట్లాడగలిగేవాడు రెండో స్థాయి నుంచి మూడుకి వెళ్తాడు.

కొలతబద్ద
వస్తుంది. 31 ప్రశ్నల పక్షపాతంకంటే పట్టుకోవడం సులువు, అంతే అనగలను.

క్యాలరీలెక్క
"బరువు తగ్గి రండి" దగ్గరికి వద్దాం. ఇంత శాతం తగ్గితేనే ఆపరేషన్ అని బీమావాళ్ళు పెట్టే షరతుకి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల సంఘమే చెప్పింది. దీన్నీ, ఆపరేషన్ ముందు పెట్టే లివర్ డైట్‌నీ కలపకండి. లివర్ డైట్ రెండు నుంచి నాలుగు వారాలు, రోజుకి 800 నుంచి 1200 కేలరీలు. దాని పని కాలేయం ఎడమ భాగాన్ని కుదించడం. లేకపోతే పరికరాలకి పొట్ట దగ్గర దారి ఉండదు. మొదటి వారం పడే కిలోల్లో చాలావరకు గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం), దాన్ని పట్టుకున్న నీరు. తేదీ వాయిదా పడి మామూలు తిండికి రాగానే అవి తిరిగొస్తాయి. దానికి మనిషిని తిట్టకండి.
తేదీ ఖాయం కాకుండా లివర్ డైట్ మొదలుపెట్టించడం పెద్ద తప్పు. రెండుమూడుసార్లు అలా చేస్తే కండ పోతుంది, విసుగొస్తుంది.
ఎదురుచూసే నెలల్లో లక్ష్యం బరువు పెరగకుండా ఆపడం. "ఇకమీదట తినలేం కదా" అని ముందే తినేసే ధోరణి తేదీ దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది, అందరికీ తెలిసినా ఎవరూ రాయరు. ప్రొటీన్ రోజుకి 60 గ్రాములకి తగ్గకుండా. నమిలి మెల్లగా తినడం, తింటూ నీళ్ళు తాగకపోవడం, తిన్నాక అరగంట ఆగడం ఇప్పుడే సాధన చేయించండి.
అలసట అన్నవాళ్ళకి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపేది), బి12, ఫోలేట్, విటమిన్ డి చూడండి. ఫెరిటిన్ మామూలుగా వచ్చిందని వదలొద్దు. ఊబకాయంలో ఉండే సన్నపాటి వాపు దాన్ని పెంచి చూపిస్తుంది. ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (ఐరన్ మోసే ప్రొటీన్ ఎంత నిండిందో) శాతం 20 లోపుంటే ఐరన్ తక్కువనే అనుమానించాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళతరబడి వాడేవాళ్ళలో బి12 పడిపోతుంది.

మాత్రలపెట్టె
లివర్ డైట్‌కి నాదొక తోక. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మోతాదు అదేరోజు తగ్గించకపోతే షుగరు పడిపోయి మనిషి కింద పడతాడు. షుగరు మాత్రలు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఆపాలి. పిండిపదార్థాలు బాగా తగ్గించిన డైట్ మీద ఉంటే డైట్‌తోపాటే ఆపడం మంచిది. లేకపోతే షుగరు మామూలుగా ఉంటూనే కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది. వికారం, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్లూకోమీటరు అంకె చూసి ఊరుకోకుండా కీటోన్లు చూడాలి.

వరుసలోనంబరు
మీరంతా పెద్ద జబ్బుల గురించి మాట్లాడుతున్నారు. పొట్ట మడత కింద ఒరుపు, దగ్గితే మూత్రం కారడం. జనం ఇంట్లోంచి కదలకపోవడానికి ఇవి చాలు.

రాత్రిడ్యూటీ
నిజమే, ఎస్‌ఎఫ్-36లో ఈ రెండూ లేవు కూడా.
మడతల సంగతి: రోజూ కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి, హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పెట్టినా మంచిదే. మడతలో పలచని నూలుగుడ్డ ఒక పొర, దాని చివర బయటికి వచ్చేలా పెడితే చెమట పీల్చి బయట ఆరుతుంది. గుడ్డంతా లోపలే దోపేస్తే తడిగుడ్డ చుట్టినట్టే. పౌడరు దట్టంగా కొడితే ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది. ఎర్రమచ్చ చుట్టూ చిన్నచిన్న చుక్కలుంటే ఫంగస్, క్లోట్రిమజోల్ రెండు నుంచి నాలుగు వారాలు. మూడో రోజుకే దురద తగ్గిందని ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. స్టీరాయిడ్ కలిసిన క్రీములు మడతల్లో వాడితే చర్మం పలచబడి చారలు పడతాయి. ఎరుపు వేడిగా పాకుతూ జ్వరం వస్తే ఇంటి వైద్యం ఆపి ఆస్పత్రికి.

మోకాలిచిప్ప
మూత్రం కారడానికి కటి కండరాల (మూత్రాన్ని ఆపి పట్టేవి) వ్యాయామం: విడతకి కనీసం 8 బిగింపులు, రోజుకి 3 విడతలు, 3 నెలలు. పిరుదులు, తొడలు బిగిస్తే అది వ్యాయామం కాదు. ఊపిరి బిగబడితే అసలే కాదు. ఇక్కడ బరువు కొంచెం తగ్గినా ఫలం ఉంది: 2009లో అచ్చయిన ప్రైడ్ అనే వైద్య అధ్యయనంలో ఆడవాళ్ళు సగటున 8 శాతం తగ్గితే వారంలో కారే సందర్భాలు 47 శాతం తగ్గాయి.

మాటసాయం
లైంగిక జీవితం విభాగం ఖాళీగా వదిలేసిన ఫారాలు ఎన్నో. సిబ్బందే సిగ్గుపడి "అది వదిలెయ్యండి" అంటారు. గర్భనిరోధం మాట అక్కడే ఎత్తాలి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం వద్దంటారు. బరువు తగ్గాక గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రల మీద నమ్మకం తగ్గుతుంది. ఈస్ట్రోజెన్ మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం వేరే. ఏ పద్ధతో ఎదురుచూసే కాలంలోనే తేల్చుకోవాలి.

అడ్డప్రశ్న
బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు వచ్చాక ఈ వరుసే ఉండదంటున్నారుగా.

మాత్రలపెట్టె
వరుసలో ఉంటూ వాడుకోవచ్చు. సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలై నాలుగు వారాలకోసారి పెరుగుతూ 2.4కి చేరడానికే నాలుగు నెలలు. ఆపితే చాలామందిలో బరువు తిరిగొస్తుంది. కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి మత్తు డాక్టరుకి చెప్పకుండా దాచొద్దు.

గాఢనిద్ర
దాచొద్దు అన్నమాట కింద గీత గియ్యండి. పరగడుపునే వచ్చారనుకుంటాం, కడుపులో నిన్నటిది ఉంటుంది.

కొలతబద్ద
అడ్డప్రశ్న గారి మొదటి మాటకి ఒక బాకీ ఉంది. ఊబకాయం ఉన్నవాళ్ళ మీద జరిగిన స్వీడన్ ఎస్‌ఓఎస్ అధ్యయనంలో పదేళ్ళు చూస్తే, ఆపరేషన్ అయినవాళ్ళ జీవన నాణ్యత మొదటి ఏడాది శిఖరానికి వెళ్ళింది, ఆరో ఏడాదిదాకా మెల్లగా దిగింది, తర్వాత నిలబడింది. ఆపరేషన్ ముందుకంటే మెరుగే, కానీ మొదటి ఏడాది గ్రాఫులో కనబడేంత కాదు. రాత్రిడ్యూటీ గారు చెప్పిన ఆ గ్రాఫులు ఎప్పుడూ మొదటి ఏడాదివే గమనించారా?

అడ్డప్రశ్న
సరే, నిద్ర, మందుల చీటీ విషయంలో వెనక్కి తగ్గుతున్నా. వరుస తగ్గించాలన్న మాట మీద తగ్గను.

రాత్రిడ్యూటీ
దాని మీద ఇక్కడెవరూ తగ్గమనరు.
ఒక పేజీ కాగితం తయారుచేస్తున్నా: ఎడమవైపు స్కోరు విభాగం, కుడివైపు ఎవరి దగ్గరికి పంపాలి. ఓపిక పడితే స్టాప్-బ్యాంగ్, బైకార్బనేట్, ఐరన్. నొప్పి పడితే మోకాలిచిప్ప గారి కుర్చీ. దిగులు పడితే తొమ్మిదో ప్రశ్న ముందు. నలుగురిలో ఇబ్బంది పడితే మన హాలు కుర్చీలు. మడతలు, మూత్రం రెండూ చేత్తో రాసి అడగాల్సినవి. మూడు నెలలకోసారి మళ్ళీ నింపించడం. ఇంకేమైనా వదిలేశానా?

గాఢనిద్ర
మెడ కొలిచే టేపు. ప్రతి గదిలోనూ ఉందంటారు, వెతికితే ఒక్కటీ దొరకదు.

వరుసలోనంబరు
కాగితం చివర "మీకు అన్నిటికంటే ఇబ్బంది పెడుతున్నది ఏది" అని ఒక ఖాళీ గీత. అది ముందు చదవండి.